నాన్న కిడ్నీ స్కానింగ్ ఒకసారి నార్మల్, ఇంకోసారి ఆర్.పి.డి. (కిడ్నీ కండ జబ్బు) – ఏది నమ్మాలి?

ప్రశ్న: జీడితోట అమ్మాయి, పలాస దగ్గర

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానంలో పలాసకి దగ్గరి పల్లె. నాన్నకి 54 ఏళ్లు. రెండెకరాల జీడితోట ఉంది, సీజన్ లేనప్పుడు కూలికి వెళ్తాడు. షుగర్ లేదు, బీపీ లేదు, తాగుడు లేదు. మా వీధిలోనే ముగ్గురు డయాలసిస్ మీద ఉన్నారు. అందుకే కిడ్నీ అనే మాట వింటే చాలు, మా ఇంట్లో అందరికీ టెన్షన్. పోయిన నవంబరులో ఊళ్లో వైద్య శిబిరం పెట్టి రక్తం తీశారు. నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడపోయకపోతే రక్తంలో పెరిగేది) 1.4 వచ్చింది. స్కానింగ్ తీయించమన్నారు. మర్నాడే తీసుకెళ్లాను.

ఆ రిపోర్టులో ఇలా ఉంది: కుడి కిడ్నీ 9.4 × 4.2 సెం.మీ., ఎడమ కిడ్నీ 9.7 × 4.5 సెం.మీ., రెండూ నార్మల్ సైజు, నార్మల్ ఎకోజెనిసిటీ, సి.ఎం.డి. బాగుంది, హైడ్రోనెఫ్రోసిస్ లేదు. గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. గాల్ బ్లాడర్‌లో 8 మి.మీ. రాయి ఒకటి.

నాన్న ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. టీ కొట్టు దగ్గర ఎవరడిగినా తీసి చూపించేవాడు. 'ఏటీ లేదని రాసీసినారు' అనేవాడు. మళ్లీ రక్తపరీక్షకి రమ్మంటే రాలేదు. నేనూ గట్టిగా అడగలేదు, అది నా తప్పే.

మార్చిలో నీరసంగా ఉందని అంటే బలవంతంగా తీసుకెళ్లాను. క్రియాటినిన్ 1.9. ఈసారి వేరేచోట స్కానింగ్ తీయించాం. కుడి కిడ్నీ 8.8 × 4.0, ఎడమ 9.2 × 4.1. 'కార్టికల్ ఎకోజెనిసిటీ కొద్దిగా పెరిగింది, సి.ఎం.డి. కొంతమేర తగ్గింది, గ్రేడ్ 1 ఆర్.పి.డి.' అని రాశారు. హైడ్రోనెఫ్రోసిస్ లేదు, ప్రోస్టేట్ నార్మల్, మూత్రం పోశాక సంచిలో మిగిలింది 15 మి.లీ. ఫ్యాటీ లివర్, గాల్ బ్లాడర్ రాయి అలాగే ఉన్నాయి.

నాలుగు నెలల్లో కిడ్నీ ఆరు మిల్లీమీటర్లు తగ్గిపోతుందా? మొదటి వాళ్లు సరిగా చూడలేదా, రెండో వాళ్లు లేనిది రాశారా? ఇంకోచోట మూడోసారి తీయించాలా, లేక సీటీ స్కానే నయమా? గాల్ బ్లాడర్ రాయికి ఆపరేషన్ చేయించేయమని పక్కింటి వాళ్లు అంటున్నారు, నాన్నకి మాత్రం కడుపునొప్పి ఎప్పుడూ రాలేదు. కిడ్నీ డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే బుధవారం. ఈలోపు నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

టెక్కలి నుంచి

చెల్లెమ్మా, ఆ స్కానింగులు మళ్లీ మళ్లీ తీయించకు. రేడియేషన్ ఒంటికి మంచిది కాదు. విశాఖ తీసుకెళ్లి ఒకేసారి రంగు ఎక్కించి సీటీ తీయించేస్తే ఉన్నదంతా బయటపడుతుంది. మా పిన్నికి అలాగే చేశాం.

స్కానింగ్ డాక్టర్, శ్రీకాకుళం జిల్లా

అమ్మా, మీరు రాసిన కొలతలు రెండుసార్లు చదివాను. ఈ జిల్లాలోనే 16 ఏళ్లుగా అల్ట్రాసౌండ్ చేస్తున్నాను. మనిషిని చూడకుండా జబ్బు తేల్చి చెప్పను, అది మీ నెఫ్రాలజిస్టు పని. రిపోర్టు ఎలా చదవాలో మాత్రం చెప్పగలను.

ముందు టెక్కలి సోదరుడి మాటకి జవాబు, ఎందుకంటే దానివల్ల హాని జరగొచ్చు. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు. అది శబ్దం, మన చెవికి వినపడనంత పై స్థాయి శబ్దం. కడుపుకి వాడే ప్రోబ్ దాదాపు 3.5 మెగాహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 35 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ శబ్దం కండలో సెకనుకి సుమారు 1540 మీటర్ల వేగంతో లోపలికి వెళ్లి, ఒక పొర దాటి ఇంకో పొర తగిలినచోటల్లా కొంచెం వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి ఎంత లోతో, ఎంత గట్టిగా వచ్చిందో చూసి ఎంత తెల్లగా చూపాలో మిషన్ లెక్క కడుతుంది. కడుపులోని పిల్లలకి చేసేదీ ఇదే. మీ నాన్నగారికి అవసరమైతే పదిసార్లు చేసినా భయం లేదు. సీటీ అలా కాదు, అది ఎక్స్-రే. పైగా క్రియాటినిన్ 1.9 ఉన్న మనిషికి రక్తంలోకి ఎక్కించే రంగు కిడ్నీ మీద ఇంకా భారం వేయొచ్చు. నెఫ్రాలజిస్టు అడిగితే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. మూత్రనాళంలో రాయి ఇరుక్కుందన్న అనుమానం ఉంటే సీటీకి సాటి లేదు, అది కూడా రంగు లేకుండానే చేస్తారు. మీ నాన్నగారి సమస్య అది కాదు.

ఇక అసలు విషయం. క్రియాటినిన్ పెరిగిన మనిషి నా బల్ల మీద పడుకుంటే నేను మొట్టమొదట చూసేది కిడ్నీ సైజు కాదు. మూత్రం దారి ఎక్కడైనా మూసుకుపోయి కిడ్నీ ఉబ్బిందా అని చూస్తాను. రాయి గానీ పెరిగిన ప్రోస్టేట్ గానీ అడ్డుపడితే కిడ్నీ మధ్యలో నల్లగా నీటి మడుగు కనిపిస్తుంది. దాన్నే హైడ్రోనెఫ్రోసిస్ అంటారు. కిడ్నీ జబ్బుల్లో త్వరగా సరిచేయగలిగేది అదే, అందుకే అది ముందు. మీ రెండు రిపోర్టుల్లోనూ అది లేదని స్పష్టంగా రాశారు. మూత్రం పోశాక మిగిలింది 15 మి.లీ. అంటే సంచి బాగానే ఖాళీ అవుతోంది. ఇక్కడిదాకా రెండు రిపోర్టులకీ తేడా లేదు.

తర్వాత సైజు. మీరు జీడి ఊరి పిల్ల కాబట్టి సులువుగా చెప్తాను. కిడ్నీ ఆకారం అచ్చం జీడిపిక్క. పిక్కని ఈ కొస నుంచి ఆ కొస దాకా సరిగ్గా నిలువునా చీలిస్తేనే దాని పూర్తి పొడవు బద్ద మీద కనిపిస్తుంది. కత్తి కొంచెం ఏటవాలుగా పడిందా, బద్ద పొట్టిగా వస్తుంది. పిక్క మాత్రం అదే. స్కాన్‌లో మేం చేసేది అలాంటి కోతే, కత్తి బదులు శబ్దం. మనిషి ఊపిరి బిగబట్టింది ఎంత, పేగుల్లో గాలి ఎంత, పక్కటెముక నీడ ఎక్కడ పడింది, ప్రోబ్ పట్టుకున్న చెయ్యి ఎంత వాలింది అన్నదాన్ని బట్టి అదే కిడ్నీకి ఇద్దరు డాక్టర్లు అర సెంటీమీటరు అటూ ఇటూ రాయడం మామూలే. కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ తేడా కూడా వస్తుంది. అందుకని 9.4 కాస్తా 8.8 అయిందని కిడ్నీ నాలుగు నెలల్లో కుంచించుకుపోయిందని అనుకోకండి. పెద్దవాళ్లకి సాధారణంగా 9 నుంచి 12 సెం.మీ. దాకా ఉంటుంది, పొట్టివాళ్లకి ఇంకొంచెం తక్కువ ఉన్నా తప్పు లేదు. మీ నాన్నగారి ఎత్తు ఎంతో రాయలేదు. ఏళ్ల తరబడి దెబ్బతిన్న కిడ్నీలు 7, 7.5 సెంటీమీటర్లకి దిగిపోయి, అంచు పలచబడి, చుట్టూ ఉన్న కొవ్వులో ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేలా ఉంటాయి. మీ నాన్నగారివి అలా లేవు. అది మంచి మాటే.

ఇప్పుడు రెండు రిపోర్టులు నిజంగా విడిపోయిన చోటుకి వద్దాం: ఎకోజెనిసిటీ. అంటే తెలుపు ఎంత అని. కిడ్నీ పైపొర ఇంత తెల్లగా ఉండాలని కొలబద్ద ఏదీ లేదు. కుడి కిడ్నీకి ఆనుకుని లివర్ ఉంటుంది కాబట్టి దాంతో పోల్చి చూస్తాం. ఆరోగ్యంగా ఉంటే కిడ్నీ పైపొర లివర్ అంతే తెల్లగా గానీ దానికంటే నల్లగా గానీ ఉంటుంది. లివర్‌ని మించి తెల్లబడిందంటే లోపల గాయం మానిన మచ్చలాంటి మార్పు ఉందని అనుమానం. కానీ మీ నాన్నగారికి ఫ్యాటీ లివర్ ఉంది కదా. కొవ్వు పట్టిన లివర్ మామూలు కన్నా తెల్లగా ఉంటుంది. తెల్ల చొక్కా పక్కన నిలబెడితే బూడిదరంగు పంచె కూడా ముదురుగానే కనిపిస్తుంది. మొదటి చోట లివర్‌తో పోల్చి 'నార్మల్' అని రాసి ఉండొచ్చు. రెండోచోట ఎడమవైపు ప్లీహంతో కూడా పోల్చి చూసి ఉండొచ్చు, దానికి కొవ్వు పట్టదు. నేనైతే ఫ్యాటీ లివర్ ఉన్న ప్రతి మనిషికీ ఎడమ కిడ్నీని ప్లీహం పక్కన పెట్టి చూడకుండా రిపోర్టు రాయను. కాబట్టి ఇందులో ఎవరో ఒకరు అబద్ధం రాశారని నేను అనను.

సి.ఎం.డి. అంటే కిడ్నీ పైపొరకీ లోపలి భాగానికీ మధ్య తేడా. మంచి కిడ్నీలో పైపొర ఒక రంగు, లోపల చిన్న చిన్న త్రికోణాలు ఇంకొంచెం నలుపు, విడివిడిగా తెలుస్తాయి. జబ్బు ముదిరేకొద్దీ రెండూ కలిసిపోయి ఒకే బూడిదరంగు ముద్ద అవుతుంది. 'కొంతమేర తగ్గింది' అన్నది కంటితో వేసిన అంచనా. దాని మీదే నిద్ర మానుకోకండి.

ఇప్పుడు నేను చెప్పబోయేది మీ నాన్నగారికి చదివి వినిపించండి.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడు, 2018లో, దానికి కొన్ని నెలల ముందు కవిటి వైపు నుంచి కొబ్బరి చెట్లు ఎక్కే మనిషి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. అరచేతులు, కాళ్ల మడమల లోపలివైపు చర్మం కాయలు కాసి గట్టిపడి ఉన్నాయి. జెల్ రాస్తే 'చల్లగుంది బాబూ' అని నవ్వాడు. చూశాను. రెండు కిడ్నీలూ 9 సెంటీమీటర్ల పైనే, చక్కగా ఉన్నాయి. 'కిడ్నీలు రెండూ నార్మల్' అని రాసి సంతకం పెట్టాను. నేను చూసింది చూసినట్టే రాశాను, అబద్ధం లేదు. ఆయన ఆ కాగితం పట్టుకుని వెళ్లి రెండేళ్లు రక్తపరీక్ష మాట ఎత్తలేదు. మళ్లీ వచ్చేసరికి క్రియాటినిన్ 6 దాటింది. ఆ పాత రిపోర్టు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకుని తెచ్చాడు. 'మీరే కదా బాబూ నార్మల్ అన్నారు' అన్నాడు. కోపంగా కాదు, అర్థంకాక అడిగాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

స్కాన్ కిడ్నీ ఆకారం చెబుతుంది, కిడ్నీ పని చెప్పదు. వడపోత సగం పడిపోయినా ఆకారం చెక్కు చెదరకుండా ఉండే మనుషులు మన ఉద్దానంలో చాలామంది. పైగా ఇక్కడి జబ్బు వడపోత గుచ్ఛాల కన్నా వాటి పక్కనుండే సన్నటి గొట్టాల చుట్టూ ఎక్కువగా మొదలవుతుంది. అందుకే మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్లకి వాపు రాదు, బీపీ కూడా పెరగకపోవచ్చు. మనిషి చెట్టు ఎక్కుతూనే ఉంటాడు. రక్తంలో క్రియాటినిన్ ఒక్కటే సంగతి చెబుతుంది. మీ నాన్నగారి వయసుకి 1.4 అంటే కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 60 మి.లీ. 1.9 అంటే సుమారు 41. నవంబరులో స్కాన్ నార్మల్ వచ్చిన రోజునే ఆ 1.4 ఉంది. ఆ కాగితంతో పాటు దీన్ని కూడా జేబులో పెట్టుకుని ఉంటే బాగుండేది.

ఆ మనిషి వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి కిడ్నీ కోసం చేసిన ప్రతి రిపోర్టు కింద తెలుగులో ఒక ముక్క రాయిస్తున్నాను: 'స్కాన్ బాగున్నా క్రియాటినిన్ పరీక్ష మానకండి.'

గాల్ బ్లాడర్ రాయి విషయం రెండు ముక్కల్లో చెప్తాను. అల్ట్రాసౌండ్ అన్నిటికన్నా బాగా పట్టుకునేది ఆ రాయినే. తెల్లటి వంపు గీతలా కనపడి, దాని వెనక టార్చిలైటుకి చెయ్యి అడ్డం పెట్టినట్టు నల్లటి నీడ పడుతుంది. మనిషిని పక్కకి తిప్పితే రాయి దొర్లుతుంది. దొర్లకుండా గోడకి అంటుకుని ఉంటే, నీడ కూడా లేకపోతే అది పాలిప్ (గోడ మీద పెరిగిన చిన్న కండ) కావచ్చు. నొప్పి ఎప్పుడూ రానివాళ్లలో ఇలా కనపడిన రాయిని చాలావరకు అలాగే వదిలేస్తారు. కుడి డొక్కలో నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వెళ్లండి.

మూడోచోట స్కానింగ్ ఇప్పుడే వద్దు. రేపే రక్తం, మూత్రం మళ్లీ ఇవ్వండి. నాకు ఒక్కటి చెప్పండి: నాన్నగారు నొప్పుల మాత్రలు గానీ నాటుమందు గానీ ఏమైనా వాడుతున్నారా?

సోంపేట సిస్టర్

డాక్టరు గారు చెప్పినదానికి చిన్న సంగతి కలుపుతాను. స్కానింగ్ గది బయట కుర్చీల దగ్గర నేను రోజూ చూసేది ఇదే.

పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మంటారు కదా, అది గాల్ బ్లాడర్ కోసం. ఏమైనా తింటే, ముఖ్యంగా నూనె తగిలితే, అది పిత్తాన్ని వదిలేసి ముడుచుకుపోతుంది. ముడుచుకున్న సంచిలో రాయి ఉందో లేదో సరిగా తెలియదు. పాలు కలిపిన టీ తాగి 'ఏమీ తినలేదమ్మా' అనేవాళ్లు రోజుకి పదిమంది ఉంటారు. నీళ్లు తాగి మూత్రం ఆపుకోమనేది ప్రోస్టేట్, గర్భసంచి లాంటివి చూడటానికి. నిండిన మూత్రసంచి కిటికీలా పనిచేసి వెనకున్నవన్నీ కనిపిస్తాయి, పేగులు పక్కకి జరుగుతాయి.

కానీ కిడ్నీ జబ్బు ముదిరి, ఒంట్లో నీరు చేరి, డాక్టరు నీళ్లు తగ్గించమన్న వాళ్లని కూడా బయట కూర్చోబెట్టి లీటరు తాగించేస్తుంటారు. అలా తాగొద్దు. ముందే చెప్పండి, వాళ్లకి ఎలా చేయాలో డాక్టరు చూసుకుంటారు. ఇంకొకటి, మూత్రం మరీ బిగబట్టి ఉన్నప్పుడు కిడ్నీలో కొంచెం ఉబ్బు కనిపిస్తుంది. అలా కనపడితే పోసి రమ్మని మళ్లీ చూస్తారు. విసుక్కుని వెళ్లిపోవద్దు. ఆ రెండోసారి చూసిందే నిజం.

టెక్కలి నుంచి

డాక్టరు గారూ, తెలియక రాశాను, మన్నించండి. చెల్లెమ్మా, నా మాట వదిలెయ్యి. ఇదే చోట ఒకటి అడగొచ్చా? మా ఇంటావిడకి మూడో నెల. ఇప్పుడొక స్కాన్, మళ్లీ అయిదో నెలలో ఇంకోటి అన్నారు. రెండూ అవసరమా?

స్కానింగ్ డాక్టర్, శ్రీకాకుళం జిల్లా

మన్నించడానికేముంది, మీరు సాయం చేద్దామనే రాశారు.

రెండూ అవసరమే. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు చేసే స్కాన్‌లో బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలుస్తారు. నెలలు సరిగ్గా లెక్క తేలేదీ అప్పుడే. ఆ గడువు దాటితే ఆ కొలత పనికిరాదు, వాయిదా వేయకండి. 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో గుండె గదులు, వెన్నెముక, మెదడు, కిడ్నీలు ఒక్కొక్కటిగా చూస్తారు. ఒక్కోసారి బిడ్డ బోర్లా తిరిగి ఉంటే తల్లిని కాసేపు నడిచి రమ్మంటాం. ఆడో మగో మాత్రం అడగకండి. 1994 చట్టం ప్రకారం చెప్పినవాళ్లకీ జైలు, చెప్పమని అడిగిన వాళ్లకీ జైలు. గోడ మీద ఆ బోర్డు ఊరికే పెట్టలేదు.

జీడితోట అమ్మాయి, పలాస దగ్గర

డాక్టరు గారూ, మీరు రాసింది రాత్రి అరుగు మీద కూర్చుని నాన్నకి మొత్తం చదివి వినిపించాను. కొబ్బరి చెట్లు ఎక్కే ఆయన సంగతి దగ్గర నాన్న ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక లేచి వెళ్లి బియ్యం డబ్బా వెనక నుంచి ఒక కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

మీరడిగింది అందులోనే ఉంది. తెల్ల మాత్రలు, డైక్లోఫెనాక్. నడుంనొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్నాడట. జీడిపిక్కలు ఏరే రోజుల్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వంగి వంగి ఏరాలి కదా, పైన ఎండ. ఫిబ్రవరి నుంచి దాదాపు రోజూ వేసుకున్నాడు. మాకెవరికీ తెలియదు. అమ్మకి కూడా. అడిగితే 'ఒళ్లు నొప్పులకేటి డాక్టరు దగ్గరికెళ్తాం' అన్నాడు.

ఎత్తు అయిదడుగుల రెండు అంగుళాలు. ఇంత తెలిశాక ఏం చేయాలో చెప్పండి.

స్కానింగ్ డాక్టర్, శ్రీకాకుళం జిల్లా

అమ్మా, ఈ ఒక్క కవరు నాకు రెండు స్కాన్‌ల కన్నా ఎక్కువ చెప్పింది.

ఆ మాత్రలు ఈ రోజు నుంచే బంద్. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆ జాతి మాత్రలన్నీ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. అప్పటికే నలిగిన కిడ్నీ, ఫిబ్రవరి మార్చి ఎండలో చెమట పట్టి ఒళ్లు ఎండిపోయిన మనిషి, దాని మీద రోజుకి రెండు మాత్రలు. క్రియాటినిన్ 1.9లో కొంత పాత జబ్బుదీ, కొంత ఈ మాత్రలదీ అయి ఉండొచ్చు. మాత్రలవల్ల వచ్చిన భాగం తగ్గే అవకాశం ఉంది. ఎంత తగ్గుతుందో ఆపి చూస్తేనే తెలుస్తుంది. నొప్పికి ఏం వేసుకోవాలో బుధవారం నెఫ్రాలజిస్టునే అడగండి, షాపులో అడగొద్దు. కవరు కూడా తీసుకెళ్లండి, దాచొద్దు.

ఆ ఎత్తుకి 8.8, 9.2 కొలతలు చిన్నవేమీ కావు.

ఇక మీదట స్కాన్ ఎప్పుడు చేసినా వీలైతే ఒకేచోట, ఒకే చేతి కింద చేయించండి, పాత రిపోర్టు బల్ల మీద పెట్టండి. చీటీలో 'పొట్ట స్కాన్' అని మాత్రమే ఉంటే నేను పొట్ట అంతా చూసి పంపిస్తాను. 'క్రియాటినిన్ 1.4 నుంచి 1.9కి పెరిగింది' అని ఒక్క ముక్క ఉంటే అదే మిషన్‌తో ఇంకో రకంగా చూస్తాను. పైపొర మందం కొలుస్తాను, ప్లీహంతో పోలుస్తాను, అవసరమైతే డాప్లర్ పెట్టి రక్తం ఎలా పారుతోందో చూస్తాను. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ఆయన కడుపులో గడ్డల మీద అల్ట్రాసౌండ్ ఫలితాలు ప్రచురించినప్పుడు కూడా మొదటి ప్రశ్న చాలా సూటిది: ఈ గడ్డలో ఉన్నది నీరా, కండా? ప్రశ్న సూటిగా ఉన్నప్పుడు ఈ మిషన్ చాలా బాగా జవాబిస్తుంది.

కవిటి నుంచి, డయాలసిస్ మూడో ఏడు

అమ్మా, నేను మీ నాన్నంత వాడినే. భయపెట్టడానికి రాయట్లేదు. మీకు ఆ అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను.

ఒకటి మాత్రం ఎవరూ ముందు చెప్పరు. కుడిచేతి వాటం మనిషైతే ఎడమ చేతి నరాల్లో సూదులు పొడిపించకండి. నీరసం అంటే చాలు సెలైన్ ఎక్కించేస్తారు మనవైపు, అదీ ఎడమచేతికే. నాకు అలా ఎక్కించి ఎక్కించి నరాలు గట్టిపడిపోయాయి. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్‌కి ముందు చేతికి డాప్లర్ స్కాన్ చేశారు. ఆ అమ్మాయి డాక్టరు మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా చిన్న ప్రోబ్ పెట్టి నొక్కుతూ, వదులుతూ ముప్పావుగంట వెతికింది. మంచి నరం నొక్కితే మూసుకుని వదలగానే తెరుచుకోవాలట, నావి నొక్కినా మూసుకోలేదు. చివరికి మోచేతి పైన దొరికింది. స్కాన్ గదిలో ఆ నరం ఎర్రగా నీలంగా వెలుగుతుంటే ఆమె ముఖంలో నాకంటే ఎక్కువ సంతోషం. ఇప్పటికీ ఆ చెయ్యే నన్ను బతికిస్తోంది.

రక్తం ఇవ్వాల్సి వస్తే అరచేతి వెనక నుంచి తీయమని అడగండి. సిగ్గుపడొద్దు.

జీడితోట అమ్మాయి, పలాస దగ్గర

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

బుధవారం వెళ్లాం. రెండు స్కాన్ రిపోర్టులు, రెండు రక్తపరీక్షలు, మాత్రల కవరు అన్నీ బల్ల మీద పెట్టాను. నెఫ్రాలజిస్టు కవరు చూసి తలెత్తి నాన్న వంక చూశారు, తిట్టలేదు. మాత్రలు ఆపి పది రోజులకి మళ్లీ రక్తం తీయమన్నారు. నిన్న వచ్చింది, 1.6. పూర్తిగా దిగలేదు, జబ్బు ఉందనే చెప్పారు. మూత్రంలో ప్రొటీన్ చాలా తక్కువ. రంగు సీటీ అక్కర్లేదన్నారు. మూడు నెలలకొకసారి క్రియాటినిన్, ఆరు నెలల తర్వాత స్కాన్. రాయిని ఇప్పుడు ముట్టుకోవద్దన్నారు.

కవిటి బాబాయ్ గారూ, నిన్న రక్తం తీసే కుర్రాడు ఎడమ మోచెయ్యి చాపమన్నాడు. నాన్నే తనంతట తాను చెయ్యి తిప్పి వెనకవైపు చూపించాడు.

స్కాన్ కాగితం ఇంకా జేబులోనే ఉంది. దానికి 1.6 చీటీ పిన్ను కొట్టి పెట్టుకున్నాడు. మళ్లీ పరీక్ష ఎప్పుడని పొద్దున్నే నన్ను అడిగాడు. క్యాలెండర్ మీద జులై పేజీలో పెన్నుతో సున్నా చుట్టి వచ్చాను.